పై పళ్ల సెట్టు జారుతోందా? ముందు నోటి తడి చూడండి

సమస్య: మాట్లాడుతుంటే పై సెట్టు కిందికి దిగుతోంది. నమిలితే ఒరుసుకుంటోంది, చిగుళ్లు మండుతున్నాయి.

ఈ బాధతో వచ్చే పెద్దవాళ్లలో చాలామంది అప్పటికే జిగురు పేస్టు వాడుతుంటారు. ఇంకొందరు కొత్త సెట్టు కావాలనే నిర్ణయించుకుని వస్తారు. దయచేసి అంతకంటే ముందు ఒక్క పని చేయండి. సెట్టు తీసి, చేతులు కడిగి తుడుచుకుని, చూపుడు వేలితో బుగ్గ లోపల తాకి చూడండి. వేలు నున్నగా జారాలి. అతుక్కుని ఆగిపోతుంటే నోట్లో ఉమ్మి తగ్గిందని అర్థం. అర నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను దాదాపు అందరూ వదిలేస్తారు.

పై సెట్టును పట్టి ఉంచేది అంగిలికీ దానికీ మధ్య ఉండే పల్చటి ఉమ్మి పొర. తడిసిన రెండు గాజు పలకలు అతుక్కున్నట్టే ఇదీ. తడి ఆరితే ఎంత బాగా కుదిరిన సెట్టయినా నిలవదు, పైగా చిగుళ్లను రాపాడుతుంది. సొంత పళ్లు కొన్ని మిగిలి ఉంటే చిగురు అంచు దగ్గర, పంటి వేర్ల మీద పుచ్చు త్వరగా పడుతుంది.

ఉమ్మి ఎందుకు తగ్గుతుంది? వయసు మీద పడిందని సరిపెట్టుకోకండి. ఎక్కువసార్లు కారణం మందుల డబ్బాలోనే ఉంటుంది. అలర్జీ మాత్రలు, అమిట్రిప్టిలిన్ లాంటి డిప్రెషన్ మందులు, మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యూటినిన్, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు, ఇవన్నీ నోరు ఎండగొట్టగలవు. ఒక్కటే వాడితే తెలియకపోవచ్చు, నాలుగైదు కలిస్తే నాలుక పిడచకట్టుకుపోతుంది. ఆ మందు రాసేది వేరే డాక్టరు, జారేదేమో పళ్ల సెట్టు. ఈ రెంటికీ ముడి ఉందని ఎవరికీ తట్టదు. "నోరు ఎండుతోంది" అని ఎవరూ చెప్పరు, "సెట్టు పాతబడింది" అంటారు. చక్కగా రీలైనింగ్ చేసి (అంటే లోపలి వైపు కొత్త పొర వేసి చిగుళ్లకు కుదిర్చి) ఇచ్చిన సెట్లు కూడా మళ్లీ జారుతున్నాయంటూ నా దగ్గరికి తిరిగొచ్చింది ఎక్కువగా ఈ కారణంతోనే. అందుకే నేను రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతాను: రాత్రి నీళ్ల కోసం లేస్తున్నారా? పొడిగా ఉన్నది నీళ్లు లేకుండా మింగగలుగుతున్నారా?

జిగురు పేస్టు ఇక్కడ పెద్దగా పనిచేయదు, ఎందుకంటే అది ఉబ్బి పట్టుకోవడానికీ తడి కావాలి. పట్టడం లేదని ఇంకా ఇంకా పూస్తుంటారు. జింకు ఉన్న పేస్టును ఏళ్ల తరబడి అతిగా వాడితే శరీరంలో రాగి తగ్గి, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బతినే ప్రమాదముంది.

పరిష్కారం: వాడుతున్న మందులన్నీ, ఎప్పుడు మొదలుపెట్టారో సహా కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. మందు మార్చడమో, మోతాదు తగ్గించడమో, వేళ మార్చడమో ఆయన చూస్తారు. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి. ఈలోగా సెట్టును తడిపి పెట్టుకోండి, కొంచెం కొంచెంగా నీళ్లు చప్పరిస్తూ ఉండండి. కృత్రిమ లాలాజలం జెల్ రూపంలో, స్ప్రే రూపంలో దొరుకుతుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు. తడి కోసం తీపి బిళ్లలు చప్పరించడం మానాలి, మిగిలిన పళ్లను తినేసేది అదే.

వేలు నున్నగా జారిందా? అయితే చాలాసార్లు దవడ ఎముక అరిగి ఉంటుంది. పళ్లు తీసేశాక మొదటి ఏడాదిలో ఎక్కువగా, ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతూనే పోతుంది, కింది దవడలో మరీను. దీనికి తరచుగా రీలైనింగ్ సరిపోతుంది. ఇంట్లో సెట్టును అరగదీయకండి, వేడినీళ్లలో వేయకండి, వంకర పోతుంది.

అంగిలి ఎర్రబడి వాసన వస్తుంటే చాలాసార్లు కారణం సెట్టుతోనే నిద్రపోవడం, దాన్ని సరిగా శుభ్రం చేయకపోవడం. రాత్రి తీసి, మెత్తని బ్రష్‌తో సబ్బునీళ్లు వేసి రుద్ది, మంచినీళ్లలో ఉంచండి. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది. ఎరుపు తగ్గకపోతే ఫంగస్ మందు కావాలి.

సెట్టు ప్లాస్టిక్ పడకపోవడం చాలా అరుదు, దాని గురించి టెన్షన్ వద్దు. నోటితో పాటు కళ్లు కూడా పొడిబారితే ఆ మాట డాక్టరుకు చెప్పండి. సెట్టు తీసి ఉంచినా రెండు వారాల్లో మానని పుండు ఏదైనా సరే, నొప్పి లేకపోయినా సరే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.