బజ్జీకి ముందే టీ రుచులు

అనంతపురంలో మా ఇంట్లో ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ తినకముందే టీలు రుచి చూస్తాను. మిరపకాయ బజ్జీ తిన్న నాలుకకు తులసికీ పుదీనాకీ తేడా తెలియదు.

ముందు నీళ్లు చూసుకోండి. మా బోరు నీళ్లతో టీ పెడితే పైన సన్నటి తెట్టు కడుతుంది, వాసన చచ్చిపోతుంది. అందుకే క్యాన్ నీళ్లే వాడతాను. తెల్లటి పింగాణీ కప్పుల్లో 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు చొప్పున వేయండి. చక్కెర వద్దు. గ్రీన్ టీకి నీళ్లు 80 డిగ్రీలకు చల్లారాక పోయాలి, 2 నిమిషాలు చాలు. తులసి, నిమ్మగడ్డి లాంటివాటికి సలసల కాగే నీళ్లు పోసి 6 నిమిషాలు మూత పెట్టండి. మూత తీయగానే ముక్కు దగ్గర పెట్టుకోండి, ఆ మొదటి ఆవిరిలోనే సగం సంగతి తెలుస్తుంది.

చెంచాతో జుర్రుమని లాగండి. ఘాటు తక్కువవి ముందు, అల్లం టీ ఆఖర్న. యాలకుల టీ లాంటివి కొంటే, పోల్చి చూడటానికి పక్కన మామూలు టీ కూడా పెట్టుకోండి. పొడిగా ఉన్నప్పుడు గుప్పుమని, నోట్లో ఏమీ మిగలనిదాన్ని నేను మళ్లీ కొనను.

నాకు ప్రాణం మాత్రం మందారం టీ. అది పెరట్లో పూసే మందారం కాదు, మన ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే ఎర్రటి రేకులు. మొదటి గుక్కకే ఆ పులుపు గుర్తుపడతారు. ఒకసారి దాన్ని బోరు నీళ్లలో నానబెడితే రంగు ఊదాగా మాసిపోయింది. నాలుగు చుక్కల నిమ్మరసం పిండాను, కళ్లముందే ఎర్రగా తేరుకుంది.