మాట మూలం పట్టుకుందాం – 4వ పాఠం: ల్యాండ్‌స్కేప్

పోయిన పాఠంలో మాటను విరిచి చూడటం నేర్చుకున్నాం. విరిచిన ముక్కే మనల్ని మోసం చేస్తే ఏం చెయ్యాలో ఈసారి చూద్దాం. నోటుబుక్కు, పెన్ను పక్కన పెట్టుకోండి, ఊరికే చదివి వదిలేస్తే ఇది రాదు.

తిరుపతి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పట్టుకుంది నాకీ పిచ్చి. ఒక చార్టు ప్రింటు తీయించడానికి పోతే అక్కడి పిల్లోడు తలెత్తకుండానే "ల్యాండ్‌స్కేపా, పోర్ట్రెయిటా అన్నా?" అన్నాడు. అడ్డంగానా నిలువుగానా అని, అంతే. బయటికొస్తే ఎదురుగా వెంచరు బోర్డు, ల్యాండ్‌స్కేప్ గార్డెన్ ఉందంట, లోపల చూస్తే నాలుగు క్రోటన్ మొక్కలు. ఆ సాయంత్రం టీవీ చర్చలో ఒకాయన "జిల్లా పొలిటికల్ ల్యాండ్‌స్కేప్ మారిపోయింది" అన్నాడు. ఒకే రోజులో మూడు అర్థాలు.

మొదట చెయ్యాల్సింది అదే. నిఘంటువు తెరవకముందే, ఆ మాట మీ చెవిన పడిన చోట్లన్నీ రాసుకోండి, పక్కనే ఎవరి నోట విన్నారో కూడా. ఈ రెండో గడి చాలామంది వదిలేస్తారు, తర్వాత అక్కరకొచ్చేది అదే.

ఇప్పుడు విరుద్దాం. ల్యాండ్ అంటే నేల, పేచీ లేదు. మరి స్కేప్? మా ఇంటర్ పిల్లల్ని అడిగితే ఒకడు లేచి "ల్యాండ్ అమ్మేసి ఎస్కేప్ సార్" అన్నాడు, ప్లాట్ల గొడవలు రోజూ వినే ఊరు కాబట్టి క్లాసంతా నవ్వింది. ఎస్కేప్‌కి దీనితో ఏ సంబంధమూ లేదు. అది లాటిన్ 'కప్పా' నుంచి వచ్చింది, ఒంటి మీద వేసుకునే పైబట్ట. పట్టుకున్నవాడి చేతిలో పైబట్ట వదిలేసి పారిపోవడం అన్నమాట. (కప్పా, కప్పుకోవడం... శబ్దం కలిసింది కదా అని చుట్టరికం కలిపేయకండి. ఈ పనిలో కొత్తగా దిగినవాళ్ళు పడే మొదటి గుంత అదే.)

కొంచెం చదువుకున్నవాళ్ళు పడే గుంత ఇంకోటి ఉంది. ల్యాండ్‌స్కేప్ అంటే దృశ్యం కాబట్టి స్కేప్ అంటే చూపు అయ్యుండాలి, టెలిస్కోప్‌లో స్కోప్ లాంటిదే అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే చెప్పుకుంటూ తిరిగాను, సిగ్గులేకుండా. స్కోప్ గ్రీకుది, ఇది గ్రీకు కాదు.

ఇలాంటప్పుడు పాత స్పెల్లింగు వెతకాలి, ఈ పాఠంలో అసలు పట్టు ఇదే. చిత్రకళ మీద ఒక ఇటాలియన్ పుస్తకానికి 1598లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది, అందులో ఈ మాట 'ల్యాండ్‌స్కిప్' అని కనిపిస్తుంది. స్కేప్ కాదు, స్కిప్. దాన్ని పట్టుకుని వెనక్కి పోతే డచ్ భాషలో 'లాంట్‌స్ఖాప్' దొరుకుతుంది. ఆ 'స్ఖాప్', ఇంగ్లీషులో ఫ్రెండ్‌షిప్, టౌన్‌షిప్ చివర ఉన్న 'షిప్' ఒక తల్లి పిల్లలే. మన పెద్దరికం, చుట్టరికంలో 'రికం' చేసే పని లాంటిదే అది చేస్తుంది. అలా చూస్తే ల్యాండ్‌స్కేప్ అంటే 'నేలరికం' అనాలి! నవ్వొచ్చినా గుర్తుంటుంది.

డచ్చిలో దాని పాత అర్థం ప్రాంతం, సీమ. చూసే దృశ్యం కాదు, మనుషులు కలిసి బతికే నేల. జర్మన్‌లో దాని తోబుట్టువు 'లాండ్‌షాఫ్ట్'కి ఆ ప్రాంతం తరఫున కూర్చునే సభ అనే అర్థం కూడా ఉండేది. మనకిది వింతేం కాదు. చోళుల శాసనాల్లో నాడు అంటే కొన్ని ఊళ్ల ప్రాంతం, ఆ నాడు తరఫున కూర్చుని మాట్లాడే పెద్దలు నాట్టార్లు.

మరి ప్రాంతం కాస్తా బొమ్మ ఎలా అయింది? మీరు రాసుకున్న రెండో గడి ఇక్కడ పనికొస్తుంది, ఎవరి నోట అని. మాటను ఇంగ్లీషులోకి మోసుకొచ్చింది బొమ్మలేసేవాళ్ళు. దేవుళ్ళు, రాజులు లేకుండా ఉత్త పొలాలు, మబ్బులు, కాలవలు గీయడంలో డచ్చివాళ్ళకి పేరు, ఆ రకం బొమ్మను వాళ్ళు ఏమన్నారో ఇంగ్లీషువాళ్ళూ అదే అన్నారు. బొమ్మ పెట్టే స్టాండును ఈజిల్ అంటారే, అదీ డచ్చే, అసలు అర్థం గాడిద. బరువు మోస్తుంది కాబట్టి. స్కెచ్ కూడా అటునుంచి వచ్చిందే.

ఇంగ్లీషులో ముందు బొమ్మకు ఆ పేరు. బొమ్మలా కనబడే నిజమైన నేలను అలా పిలవడం ఆ తర్వాత. జిరాక్స్ షాపు పిల్లోడి అడ్డం కాగితమూ అక్కడినుంచే, నేల బొమ్మ అడ్డంగా, మనిషి బొమ్మ నిలువుగా గీస్తారు కాబట్టి. వెంచరు గార్డెను కూడా ఆ బొమ్మకు మునిమనవరాలే. స్కేప్ అనే తోక తర్వాత ఊడొచ్చి సీస్కేప్, సిటీస్కేప్ అయింది. హాంబర్గ్ ఊరి పేరులోంచి బర్గర్ ఊడొచ్చి వెజ్ బర్గర్ అయినట్టు.

ఇప్పుడు మన మాట మీద చేతులు తిప్పుదాం. సీమ. సంస్కృతంలో సీమ అంటే హద్దు, పొలిమేర. హద్దు పోయి హద్దులోపలి నేల అయింది, అదే మన రాయలసీమ. ఇంకో దారిలో పోయి హద్దు అవతలి పరాయిదేశం అయింది, సీమసరుకు, సీమచింతకాయలు. లోపలికీ బయటికీ ఒకే మాట! మా మిద్దెక్కితే కనబడే తిరుమల కొండ కూడా ఇలాంటిదే. మనకది దేవుడి కొండ, ఫోటోకి బ్యాక్‌గ్రౌండు. తమిళంలో తొల్కాప్పియం అనే పాత వ్యాకరణ గ్రంథం ముందుమాటలో మాత్రం వేంకటం ఒక హద్దు, ఉత్తరాన వేంకటం, దక్షిణాన కుమరి, మధ్యలో తమిళం మాట్లాడే నేల అని.

ఈ వారం పని. కోన, గుంట, చెరువు, ఈ మూడూ ఊరిపేర్లలో ఎక్కడెక్కడ తగులుతాయో రాయండి. తలకోన, రేణిగుంట, దామలచెరువు నేనే ఇచ్చేశాను, అవి లెక్కలోకి రావు. ఒక్కో పేరు పక్కన, ఆ కోనో గుంటో ఇప్పటికీ అక్కడుందా లేదా అని ఆ ఊరివాళ్ళనే అడిగి రాయండి. గుంట పూడ్చి ప్లాట్లు వేసుంటే అదీ రాయండి.