మినుము, పెసర విత్తనానికి రైజోబియం పట్టించే ముందు

రైజోబియం అంటే పప్పుజాతి మొక్కల వేళ్ల మీద బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా. దాని పొడి (కల్చర్) ప్యాకెట్ మీద పంట పేరు చూడండి. మినుము, పెసర, అలసందలకు ఒకే కల్చర్ సరిపోతుంది. శనగకు, సోయాకు వేరేవి కావాలి. పేరు తప్పితే బుడిపెలు సరిగా రావు, ఖర్చు మాత్రం మిగులుతుంది.

గడువు తేదీ దాటిందా? వద్దు. ఎండలో పెట్టి అమ్ముతున్న దుకాణంలో అసలు కొనకండి, అందులో ఉన్నది ప్రాణమున్న బాక్టీరియా. ఇంటికి తెచ్చాక కూడా యూరియా బస్తాల పక్కన కాకుండా చల్లటి చోట ఉంచండి.

తెగులు మందు, పురుగు మందు పట్టించాలంటే అవి ముందే కానివ్వండి. రైజోబియం ఎప్పుడూ చివరిది. ఈ వరుస తారుమారు చేయొద్దు.

100 మి.లీ. నీటిలో 10 గ్రాముల బెల్లం వేసి పది నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లారనివ్వండి. చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉన్నా ఆగండి. 8 కిలోల విత్తనం మీద చల్లి, 200 గ్రాముల రైజోబియం పొడి వేసి, గింజ గింజకూ నల్లటి పొర పట్టేలా మెల్లగా కలపండి. గట్టిగా రుద్దితే పప్పు గింజల తోలు ఊడిపోతుంది.

గోనె పట్టా మీద నీడలోనే ఆరబెట్టండి. తడి ఆరగానే, అదే రోజు, పదునులో విత్తండి.

నత్రజని సిఫారసుకు మించి వేయకండి. తేరగా దొరికితే మొక్క బుడిపెలు కట్టదు. నెల రోజులకు ఒక మొక్కను మట్టితో సహా తవ్వి, బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు ఉంటే పని చేస్తున్నట్టే.