టెన్షన్‌కి ఆక్యుపంక్చర్: సూది కంటే ముందు వేలు

విజయనగరం గంటస్తంభం దగ్గర సాయంత్రం ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చేసరికి మెడ బిగుసుకుపోతోందా? ఆక్యుపంక్చర్ అంటే ఒంట్లో కొన్ని చోట్ల సన్నటి సూదులు గుచ్చే వైద్యం, కానీ ముందు సూది లేకుండానే ప్రయత్నించి చూడండి. అరచేయి పైకి పెట్టి, మణికట్టు గీత నుంచి మోచేతి వైపు 3 వేళ్ల వెడల్పు కొలిచి, అక్కడ తాళ్లలా తగిలే రెండింటి మధ్య బొటనవేలితో 2, 3 నిమిషాలు నొక్కుతూ నెమ్మదిగా ఊపిరి వదలండి. ఆక్యుపంక్చర్‌లో ఈ చోటునే పీసీ 6 అంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కూడా నొక్కొచ్చు, గర్భిణులు మాత్రం దాని జోలికి వెళ్లొద్దు.

సూదులే కావాలంటే శిక్షణ పొందినవాళ్ల దగ్గరికే వెళ్లండి. కొత్త ప్యాకెట్ మీ కళ్ల ముందే విప్పమని అడగండి, మొహమాటమెందుకు? సన్నటి సూదులే, మామూలుగా 15 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరగొచ్చు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పేయండి.