మ్యూనిక్‌లో పిల్లల దగ్గరికి పోతే డాకౌ చూడటానికి ఒక రోజు పూర్తిగా పెట్టుకోండి

ప్రొద్దుటూరు దగ్గరి హైస్కూల్లో ఇరవై ఎనిమిదేళ్లు సోషల్ చెప్పాను. రెండో ప్రపంచ యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా నాజీ క్యాంపుల గురించి నాలుగు మాటలు చెప్పి, బోర్డు తుడిచేసి ముందుకు పోయేదాన్ని. మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉంటాడు. ఆ ఊరి పక్కనే, నాజీలు ఖైదీలను పెట్టిన డాకౌ క్యాంపుకు రెండుసార్లు పోయాను. ఇప్పుడు మన జిల్లా నుంచి జర్మనీలో పిల్లల దగ్గరికి పోయే తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు, వాళ్ల కోసం ఇది.

మొదటిసారి పొద్దునంతా సిటీలో తిరిగి, భోంచేసి, మూడింటికి చేరుకున్నాం. అయిదింటికి మూసేస్తారు. పరుగులు పెట్టుకుంటూ తిరిగి వచ్చేశాం. మీరలా చేయొద్దు. పొద్దున తొమ్మిదికి తెరుస్తారు, ఆ వేళకే ఉండండి. ప్రవేశం ఉచితం. మనంతట మనం తిరిగి చూడటానికి ముందుగా బుకింగ్ కూడా అక్కర్లేదు. ఇంగ్లీషు అర్థమైతే గైడ్‌తో పోవడమే మేలు.

మ్యూనిక్ మెయిన్ స్టేషన్‌లో ఎస్-2 లోకల్ రైలు ఎక్కాలి. పీటర్స్‌హౌజెన్ గానీ ఆల్టోమ్యూన్‌స్టర్ గానీ బోర్డు ఉన్నదే ఎక్కండి, లేకపోతే ఎదురు దిక్కుకు పోతారు. డాకౌలో దిగి, స్టేషన్ బయట 726 నంబరు బస్సు ఎక్కితే క్యాంపు ముందే దింపుతుంది.

లోపల ఎక్కువ భాగం కంకర పరిచిన ఖాళీ మైదానం. చీర కట్టుకున్నా కాళ్లకు బూట్లు వేసుకోండి, పైన స్వెటర్ ఉండాలి. మన ఎండలకు అలవాటైన ఒంటికి మే నెలలో కూడా అక్కడి గాలి చలే. ఇంకో మాట. నేను తీసుకుపోబోయిన గుడ్డ సంచి మా ఊరి బట్టల అంగడిలో ఇచ్చింది, దాని మీద ఎర్రగా స్వస్తిక్ ముద్ర ఉంది. గడప దాటేముందు కోడలు చూసి వేరే సంచి ఇచ్చింది. మనకది శుభం గుర్తే. కానీ అక్కడికి వచ్చేవాళ్లలో అలాంటి గుర్తు పెట్టుకున్న నాజీల చేతుల్లోనే తాతముత్తాతలను పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. లాకెట్టు ఉన్నా ఇంట్లో తీసిపెట్టి పోండి. చిన్నపిల్లలనూ తీసుకుపోవద్దు. మా తొమ్మిదేళ్ల మనవరాలిని వాళ్లమ్మ దగ్గరే ఉంచాం.

హిట్లర్ అధికారానికి వచ్చిన రెండు నెలల్లోపే, 1933 మార్చి 22న, ఈ క్యాంపు తెరిచారు. మొదట ఎక్కువగా పట్టుకొచ్చింది యూదులను కాదు, హిట్లర్‌ను ఎదిరించిన కమ్యూనిస్టులను, సోషలిస్టులను. ఈ సంగతి బడిలో నేనెప్పుడూ చెప్పలేదు. 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం విడిపించేదాకా రెండు లక్షలకు పైగా ఖైదీలు ఇక్కడ, దీని కింద ఉన్న క్యాంపుల్లో ఉన్నారు. కనీసం 41,500 మంది చనిపోయారు.

గేటు మీద ఇనుప అక్షరాలతో 'పని స్వేచ్ఛనిస్తుంది' అని జర్మన్‌లో ఉంటుంది. దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకోవద్దు. ఇప్పుడు అక్కడున్నది నకలు. అసలుది 2014లో దొంగలు ఎత్తుకుపోతే, రెండేళ్లకు నార్వేలో దొరికింది.

మ్యూజియం చూసి, ఖైదీలు పడుకునే షెడ్డు, అదే బ్యారక్‌కు పోండి. మళ్లీ కట్టినదే అయినా, తొందరపడకుండా చూడాల్సింది ఇదే. గది మారేకొద్దీ ఏళ్లు మారతాయి. మొదటి గదిలో ఒక్కో మనిషికి విడిగా పడక, మధ్యలో అడ్డచెక్క. చివరి గదికొచ్చేసరికి అడ్డచెక్కలే లేవు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బల్లలే. 200 మందికని కట్టిన బ్యారక్‌లో ఆఖరి రోజుల్లో 2,000 మంది దాకా కుక్కారట. నేనా బల్ల అంచు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. మా వారు పిలిచినా పలకలేదు.

అక్కడి నుంచి పాప్లర్ చెట్ల బాట వెంట పోతే చివర్లో ఎడమ పక్కన శవాలను కాల్చిన కొలిమిలు. అక్కడ స్నానాల గది అని రాసిపెట్టిన, విషవాయువుతో చంపడానికి కట్టిన గ్యాస్ గది కూడా ఉంది. దాన్ని మూకుమ్మడి చావులకు వాడలేదు. ఇక్కడ జనం పోయింది ఆకలికి, టైఫస్ జ్వరానికి, తూటాలకు. గ్యాస్‌తో లక్షలమందిని చంపిన ఆష్విట్జ్ క్యాంపు వేరు, దాంతో కలిపి చెప్పకండి.

అదే చోట నలుగురు ఆడవాళ్ల పేర్లున్న ఫలకం ఉంది, వెతికి చూడండి. అందులో ఒకరు నూర్ ఇనాయత్ ఖాన్. టిప్పు సుల్తాన్ వంశస్థురాలు. 1792 దాకా మన కడప సీమ ఏలింది ఆ టిప్పే. బ్రిటిష్ వాళ్ల తరఫున పారిస్‌లో రహస్యంగా వైర్‌లెస్ నడిపి, పట్టుబడి, 1944 సెప్టెంబర్ 13న ఇక్కడే చంపబడింది. వయసు ముప్పై.

సాయంత్రం షాపింగ్, విందులు ఏవీ పెట్టుకోకండి. మేం ఇంటికొచ్చి చారన్నం తిన్నాం. "ఎక్కడికి పోయారవ్వా?" అని మనవరాలు అడిగితే, ఆ కొలిమిల సంగతి ఎత్తకుండా, నూర్ అనే అమ్మాయి కథతో మొదలుపెట్టాను.