దశాంశాలను, శాతాలను పోల్చి చూడడం ఎలా

చెన్నై టి.నగర్‌లో ఏ నగల దుకాణానికి వెళ్లినా, త్రాసు మీద పెట్టిన ఉంగరం బరువు 3.8 అని కాకుండా 3.800 అని, దాని పక్కదాని బరువు 3.750 అని మూడు దశాంశ స్థానాల వరకు కనిపిస్తుంది. దశాంశ సంఖ్యల్లో ఏది పెద్దదో తేల్చే కిటుకు ఆ చివరి సున్నాల్లోనే ఉంది. ఎనిమిది కంటే డెబ్బై ఐదు పెద్దది కాబట్టి 3.8 కంటే 3.75 పెద్దదని మా అక్క కూతురు ఒకసారి నోట్‌బుక్‌లో రాసుకుంది. రెండింటికీ స్థానాలు సమానం చేసి 3.80, 3.75 అని ఒకదాని కింద ఒకటి రాయించగానే తప్పు తనకే తెలిసింది. "మూడు పాయింట్ డెబ్బై ఐదు" అని చదివే అలవాటే ఈ పొరపాటుకు మూలమని నా అభిప్రాయం. పిల్లల చేత "మూడు పాయింట్ ఏడు, ఐదు" అని అంకెలను విడివిడిగా చదివించడం మంచిది.

పోల్చేటప్పుడు ముందుగా బిందువుకు ఎడమవైపున్న పూర్ణాంక భాగాన్ని చూడాలి. అది సమానమైతే పదోవంతుల స్థానాన్ని, అదీ సమానమైతే వందోవంతుల స్థానాన్ని చూసుకుంటూ వెళ్లాలి. తేడా మొదట ఎక్కడ కనిపిస్తే అక్కడే తీర్పు వచ్చేసినట్టు, ఆ తరువాత ఎన్ని తొమ్మిదులున్నా లెక్కలోకి రావు. అందుకే 0.2999 కంటే 0.3 పెద్దది. చివర చేర్చిన సున్నా విలువను మార్చదు కానీ, బిందువు పక్కనే వచ్చే సున్నా మారుస్తుంది: 0.7లో పదోవంతు మాత్రమే 0.07.

శాతం, భిన్నం, దశాంశం కలిసి వచ్చినప్పుడు అన్నింటినీ దశాంశాలుగా మార్చుకోవాలి. శాతమంటే నూటికి ఇన్ని అని అర్థం కాబట్టి బిందువును రెండు స్థానాలు ఎడమకు జరపాలి. భిన్నమైతే లవాన్ని హారంతో భాగించాలి. ఉదాహరణకు 38%, 3/8, 2/5 ఇస్తే అవి వరుసగా 0.380, 0.375, 0.400 అవుతాయి కనుక 3/8 అన్నింటికంటే చిన్నది, 2/5 అన్నింటికంటే పెద్దది. ఒకటి కంటే తక్కువ శాతాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం: 0.5% అంటే సగం కాదు, 0.005 మాత్రమే, అంటే 0.05 కంటే కూడా చిన్నది.

నగ మీద ఉండే హాల్‌మార్క్ ముద్ర ఇందుకు చక్కని అభ్యాసం. 22 క్యారెట్ల నగ మీద 916 అని ఉంటుంది. వెయ్యి భాగాల్లో 916 భాగాలు మేలిమి బంగారమని దాని భావం, శాతంలో 91.6. మేలిమి బంగారాన్ని 24 క్యారెట్లుగా లెక్కిస్తారు కనుక 22ను 24తో భాగిస్తే 0.91666… అని ఆరు అంకె ఆగకుండా వస్తుంది. 0.916ను 0.9160గా రాసి 0.9166 పక్కన పెడితే నాలుగో స్థానంలో తేడా బయటపడుతుంది: 22/24 రవ్వంత పెద్దది. 18 క్యారెట్లకు ఆ చిక్కు లేదు, 18/24 సరిగ్గా 0.75, ముద్ర 750.

ఇక శాతాలను శాతాలతో పోల్చేటప్పుడు, అవి దేని మీద లెక్కగట్టినవో చూడకుండా పెద్దా చిన్నా చెప్పకూడదు. ఇక్కడి దుకాణాల్లో తమిళంలో సేదారం అనే తరుగును శాతంలోనే చెబుతారు. 8 గ్రాముల గొలుసుకు 12% తరుగు, 10 గ్రాముల గొలుసుకు 10% తరుగు అంటే రెండోదే తక్కువని అనిపిస్తుంది. కానీ మొదటిదానికి 0.96 గ్రాము, రెండోదానికి 1 గ్రాము తరుగు పడుతుంది. రేటులో ఏది నయమో తెలియాలంటే శాతాలను, చేతి నుంచి పోయే బంగారం ఎంతో తెలియాలంటే గ్రాములను పోల్చాలి. బిల్లు వేయించేముందు ఈ రెండు లెక్కలనూ కాగితం మీద వేర్వేరుగా వేసుకోండి.