అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ, నిధులు: ఏది ఎక్కడ, ఎలా అడగాలి

అంగన్‌వాడీ కేంద్రంలో కొత్తగా చేరిన టీచరు ముందుగా గుర్తించవలసింది ఒకటుంది: ఉద్యోగానికి అవసరమైన శిక్షణను సొంత డబ్బు పెట్టి నేర్చుకోవలసిన పని లేదు, దాన్ని ఇప్పించే బాధ్యత మహిళా శిశు సంక్షేమ శాఖదే. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) ఇప్పుడు సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 పేరుతో నడుస్తోంది. అందులో భాగంగా 2023 మేలో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణతో పాటు చదువు కూడా) కార్యక్రమం ప్రారంభమైంది. రాష్ట్రస్థాయి మాస్టర్ ట్రైనర్లు ముందుగా శిక్షణ పొంది, ఆ తరువాత టీచర్లకు మూడు రోజులు నేర్పిస్తారు.

మీ పేరు ఏ బ్యాచ్‌లో ఉందో సెక్టార్ మీటింగ్‌లోనే సూపర్‌వైజర్‌ను అడగండి. జాబితాలో పేరు లేకపోతే నోటిమాటతో సరిపెట్టుకోకుండా, చేరిన తేదీ, కేంద్రం కోడ్ రాసి సీడీపీవోకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి) అర్జీ ఇచ్చి, నకలుపై అందినట్లు సంతకం తీసుకోండి. ప్రయాణ ఖర్చు, భోజనం గురించి ఉత్తర్వులో ఏమి రాశారో బయలుదేరే ముందే చదవండి; బస్సు టికెట్లు పారేయవద్దు.

శిక్షణలో ప్రధానంగా రెండు చేతిపుస్తకాలు ఉంటాయి. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు ఉన్న పిల్లల కోసం ‘నవచేతన’, మూడు నుంచి ఆరేళ్ల వారి కోసం ‘ఆధారశిల’. ఆధారశిలలో 48 వారాల ప్రణాళిక ఉంది: తొలి నాలుగు వారాలు పిల్లలు కేంద్రానికి అలవాటు పడేందుకు, తరువాతి 36 వారాలు ఆటల ద్వారా నేర్చుకునేందుకు, చివరి ఎనిమిది వారాలు నేర్చినదాన్ని గట్టిపరిచేందుకు. ఈ మొదటి నాలుగు వారాలను చాలామంది తొందరపడి దాటేస్తారని నా అభిప్రాయం. తల్లి కొంగు వదలని మూడేళ్ల పిల్లకు అప్పుడే అక్షరాలు దిద్దించడం కన్నా, చింతగింజలు, గవ్వలు ఒక పళ్లెంలో కలిపిపోసి విడదీయమనడం ఎంతో మేలు. వేళ్లకు పట్టు వస్తుంది, పోలికలు, తేడాలు తెలుస్తాయి, ఏడుపు మరిచిపోతుంది. అయితే చిన్న గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకునే ప్రమాదం ఉంది కనుక పక్కనే కూర్చోవాలి. వైకల్యాలను త్వరగా గుర్తించడం కూడా శిక్షణలో ఉంది. అనుమానాలుంటే అక్కడే అడిగి తీర్చుకోండి.

మూడు రోజులతో వృత్తి పూర్తిగా పట్టుబడదు. 2020 జాతీయ విద్యావిధానం ఇంటర్ లేదా అంతకు మించి చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకంటే తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలని సూచించింది. మీ జిల్లాలో అది ఎప్పుడు మొదలవుతుందని అడుగుతూనే ఉండండి. ఉద్యోగం మానకుండా చదవాలనుకునేవారికి ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్యలో బాల్యారంభ సంరక్షణ, విద్య డిప్లొమా ఉంది. ఫీజు కట్టే ముందు ఏ మాధ్యమంలో ఉందో, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు మినహాయింపు ఉందో లేదో ప్రాస్పెక్టస్‌లో చూడండి. రెండేళ్ల ప్రీస్కూల్ డిప్లొమా మంచిదే గానీ, అది రోజూ తరగతులకు వెళ్లవలసిన కోర్సు. కేంద్రం నడిపేవారికి కుదరదు.

డబ్బు విషయానికి వస్తే, 2018 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 4,500 రూపాయలు. తెలుగు రాష్ట్రాల్లో అందులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరిస్తాయి. దానిపైన రాష్ట్రాలు సొంత నిధులు కలపడం వల్లే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 11,500, తెలంగాణలో 2021లో 13,650 అయింది. ప్రీస్కూల్ కిట్టుకు, మందుల కిట్టుకు పథకంలోనే విడిగా నిధి ఉంది, కాబట్టి బొమ్మలు, రంగులు జీతంలోంచి కొనవలసి వస్తే ఆ సంగతి స్టాకు రిజిస్టర్‌లో నమోదు చేసి, సూపర్‌వైజర్‌కు రాతపూర్వకంగా తెలపండి.

సామాజిక కార్యకర్తగా ఎదగాలనుకునే డిగ్రీ చదివిన టీచర్లకు ఎంఎస్‌డబ్ల్యూ (సామాజిక సేవలో పీజీ డిగ్రీ) దారి ఉంది. ఇగ్నోలో దూరవిద్యగానూ, ఆంధ్ర, ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్‌గానూ చదవవచ్చు. క్షేత్రస్థాయి పని తప్పనిసరి కనుక దానికి సమయం ముందే చూసుకోవాలి. పోషణ్ 2.0 మార్గదర్శకాల ప్రకారం సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం అనుభవమున్న అంగన్‌వాడీ టీచర్లతో భర్తీ చేయాలి. నియామక ఉత్తర్వు, శిక్షణ సర్టిఫికెట్లు, గౌరవ వేతనం పడిన బ్యాంకు పాస్‌బుక్ పేజీలు ఒకే ఫైలులో ఉంచండి. అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ (ఉద్యోగం ముగిశాక సేవాకాలాన్ని బట్టి ఇచ్చే మొత్తం) చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న తీర్పునిచ్చింది. రేపు సేవాకాలాన్ని రుజువు చేయవలసి వచ్చినా అక్కరకు వచ్చేవి ఆ కాగితాలే.